సరిహద్దు కుటుంబాల వంశవృక్షం: సిరొంచ ప్రాంతంలో పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలి?

"మా పూర్వులు ఎక్కడివారో తెలుసుకోవాలంటే ఏ పుస్తకం చూడాలి?" అని అడిగే విద్యార్థులు మాకు ప్రతి సంవత్సరమూ ఇద్దరు ముగ్గురు తటస్థపడుతుంటారు. తెలుగునాటికి వెలుపల పుట్టి పెరిగిన వారికి ఈ ప్రశ్న కలగడం సహజం. అటువంటి పుస్తకం ఏదీ లేదనే మేము జవాబు చెప్పవలసి వస్తుంది. పుస్తకం లేకపోయినా పద్ధతి ఉంది. ఆ పద్ధతిని ఒక ప్రాంతాన్ని ఆధారం చేసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మేము ఎంచుకున్నది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణ భాగం. సిరొంచ పట్టణం ప్రాణహిత నది ఎడమ గట్టున, గోదావరి సంగమానికి దాపున ఉంది. నదికి ఆవల తెలంగాణలోని కాళేశ్వరం. సిరొంచ నుంచి జిమ్మలగట్ట, రేపనపల్లి, ఆలాపల్లి మీదుగా అహేరి వరకు, అక్కడి నుంచి ఉత్తరాన ముల్చేర వరకు పోతే తెలుగు క్రమంగా పలచబడి మరాఠీ చిక్కబడుతుంది. అడవి పల్లెల్లో మాడియా గోండులు ఉన్నారు. ముల్చేర తాలూకాలో తూర్పు బెంగాలు నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో మరొక భాష అనే స్థితి ఇక్కడ ఎవరికీ వింత కాదు.

ఇటువంటి చోట వంశవృక్షం కేవలం కుతూహలానికి సంబంధించిన విషయం కాదు. మహారాష్ట్రలో కులధ్రువీకరణ పత్రాల జారీకి, పరిశీలనకు చేసిన చట్టం 2001 అక్టోబరు 18 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం దరఖాస్తు చేసుకొనేవారు ప్రమాణపత్రంతో తమ వంశావళిని సమర్పించాలి. షెడ్యూల్డు కులాలవారు 1950 ఆగస్టు 10 నాటికి, షెడ్యూల్డు తెగలవారు 1950 సెప్టెంబరు 6 నాటికి, విముక్త, సంచార జాతులవారు 1961 నవంబరు 21 నాటికి, ఇతర వెనుకబడిన తరగతులవారు 1967 అక్టోబరు 13 నాటికి తమ కుటుంబం ఆ రాష్ట్రంలో ఉన్నట్టు, ఆ కులానికి చెందినట్టు చూపవలసి ఉంటుంది. కళాశాలలో సీటు, ఉద్యోగం, పంచాయతీ ఎన్నికలో పోటీ, ఇవన్నీ ముత్తాత పేరును ఎవరో ఒక గుమాస్తా ఎలా రాశాడన్న దానిమీద ఆధారపడవచ్చు. తెలుగు ఇంటిపేరు, మరాఠీ కాగితం, ఆవలి గట్టున ఉర్దూ దస్తావేజు, ఈ మూడింటిలో ఉన్నది ఒకే మనిషి అని నిరూపించడం చదువుకున్నవారికే కష్టం. చదువులేని ఇంటికి అది ఎంత భారమో ఊహించవచ్చు.

మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇది: ఈ ప్రాంతంలో కుటుంబాల కంటే సరిహద్దులే ఎక్కువసార్లు కదిలాయి. అందువల్ల పరిశోధకుడు పేరును వెతికే ముందు ఆ పేరును ఎవరు, ఏ భాషలో, ఏ అవసరం కోసం రాశారో తెలుసుకోవాలి.

1. ఇంటి నుంచి ప్రారంభం

మొదటి ఆధారం ఇంట్లోని పెద్దలు. కాగితాలు పది సంవత్సరాల తరువాత కూడా దొరకవచ్చు, ఎనభై ఏళ్ల అవ్వ దొరకదు. అందుచేత కచేరీకి పోయే ముందు నోటుపుస్తకంతో వంటింట్లో కూర్చోవాలి. ముఖ్యంగా స్త్రీలను అడగాలి. మగవారు సాధారణంగా ఇంటిపేరు వెంట పైకి పోతారు: తాత, ముత్తాత. స్త్రీలు పుట్టింటినీ అత్తింటినీ కలిపి చెప్తారు. ఎవరి పిల్లను ఏ ఊరికి ఇచ్చారు, ఏ కాన్పులో ఎవరు పోయారు, ఎవరి పెళ్లికి ఎవరు రాలేదు అనే సంగతులు వారి జ్ఞాపకంలోనే ఉంటాయి. నదికి ఆవల ఉన్న బంధుత్వాలు బయటపడేది కూడా ఆ మాటల్లోనే.

అడిగే పద్ధతి ఒకటి ఉంది. ఆంగ్ల మానవశాస్త్రజ్ఞుడు రివర్స్ 1910లో ప్రకటించిన వంశావళి పద్ధతిలో ఐదు మాటలకే ప్రాధాన్యం: తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య. మిగిలిన బంధువాచకాలన్నిటినీ ఈ ఐదింటిలోకి విప్పి రాసుకోవాలని ఆయన సూచన. తెలుగువారి విషయంలో ఇది ఎంతో అవసరం. మనకు పెద్దనాన్న కొడుకు అన్నే, చిన్నమ్మ కొడుకు తమ్ముడే. "మా తమ్ముడు" అన్నంత మాత్రాన ఒకే తల్లి బిడ్డ అని రాసుకుంటే వృక్షం మొదటి కొమ్మలోనే తప్పిపోతుంది. మోర్గన్ 1871లో ప్రకటించిన బృహద్గ్రంథంలో తమిళ, కన్నడ బంధువాచకాలతో పాటు తెలుగు వాటినీ పట్టికగా చేర్చాడు. ఈ పదాల వ్యవస్థ అప్పటినుంచీ పండితుల దృష్టిని ఆకర్షిస్తూనే ఉంది.

ప్రాంతభేదం మరొక చిక్కు. కోస్తాలో 'అవ్వ' అంటే నాయనమ్మో అమ్మమ్మో. గోదావరికి ఉత్తర తెలంగాణ వైపున, సిరొంచ పరిసరాల్లో 'అవ్వ' అంటే తల్లి, 'బాపు' అంటే తండ్రి. ఇతర ప్రాంతాల తెలుగు మాత్రమే తెలిసిన విద్యార్థి ఇక్కడ ఒక తరాన్ని పొరపాటున పెంచేస్తాడు. మరాఠీలో చదువుకున్న విద్యార్థికి వేరొక ప్రమాదం ఉంది. మరాఠీలో 'మామా' ప్రధానంగా తల్లి సోదరుడు. తెలుగులో 'మామ' తల్లి సోదరుడు, మేనత్త భర్త, భార్యకు గాని భర్తకు గాని తండ్రి, వీరందరూ. మేనరికం జరిగిన ఇంట్లో ఈ ముగ్గురూ ఒక్కరే కావచ్చు, కాకపోవచ్చు. కనుక ప్రతి 'మామ' దగ్గరా ఆగి "ఏ వరసన మామ?" అని అడగాలి.

2. కాలనిర్ణయం

పెద్దలు తేదీలు చెప్పరు, సంఘటనలు చెప్తారు. "కరువు నాడు పుట్టింది", "పెద్ద జ్వరాలప్పుడు పోయాడు", "వరద వచ్చిన యేడు పెళ్లి" అంటారు. వీటిని తోసిపుచ్చకూడదు. మధ్యపరగణాలను పీడించిన కరువులు 1896-97, 1899-1900 సంవత్సరాలవి. పెద్ద జ్వరాలు అనేవి చాలా చోట్ల 1918 శరత్కాలంలో వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజాను సూచిస్తాయి. గోదావరి మహావరదల్లో ఈనాటి నడివయసు వారికి కూడా గుర్తున్నది 1986 ఆగస్టు నాటిది.

సంవత్సరం పేరు చెప్పగలిగిన ముసలివారు దొరికితే మరీ మంచిది. 1899-1900 వికారి, 1918-19 కాళయుక్తి, 1986-87 అక్షయ. ఇవి అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి గనుక వికారి అంటే 1899-1900 కావచ్చు, 1959-60 కావచ్చు, 2019-20 కావచ్చు. చెప్పేవారి వయస్సును బట్టి ఏదో తేలుతుంది. ఆవలి గట్టు దస్తావేజుల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది: 1350 ఫసలీ అంటే 1940-41. నిజాం రాజ్యపు ఫసలీలో ఆజూరు మొదటి నెల, అది అక్టోబరులో వచ్చేది. శాలివాహన శకానికి 78 కలపాలి.

మౌఖిక కథనాన్ని ఇదే విధంగా పరీక్షించవచ్చు. "మా పూర్వుడు దొరల ఆనకట్ట పనికి వచ్చి ఇక్కడ నిలిచాడు" అని ఒక కుటుంబం చెప్తుందనుకుందాం. ఎగువ గోదావరిలో పడవలు నడపాలని ఆంగ్లేయులు దుమ్మగూడెం, ఇంచంపల్లి, దేవల్‌మర్రి అనే మూడు అవరోధాల దగ్గర పనులు సాగించి 1871లో మానుకొన్నారు. కనుక ఆ కథ నిజమైతే ఆ పూర్వుడు 1871కి ముందే రావాలి. ఆ కుటుంబం ఆయనకూ తమకూ మధ్య రెండే తరాలు చెప్తే మధ్యలో ఒకటో రెండో తరాలు జారిపోయి ఉండాలి, లేదా కథ మరొకరిది అయి ఉండాలి.

3. కదలని ఊరు, కదిలిన సరిహద్దు

ఏ కచేరీకి పోవాలో తెలియాలంటే పాలనాచరిత్ర తెలియాలి. గోదావరి ఎడమ గట్టు తాలూకాలను నిజాం 1860 ఒప్పందంతో ఆంగ్లేయులకు వదిలాడు. వాటితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది, దానికి ముఖ్యపట్టణం సిరొంచ. 1861లో మధ్యపరగణాలు ఏర్పడ్డాయి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయాయి. ఎగువ గోదావరి జిల్లా రద్దై సిరొంచ చాందా జిల్లాలో తహసీలు అయింది. నూగూరు, ఆల్బాక, చెర్ల కూడా 1909లో మద్రాసుకు మారాయి. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న ఊళ్ల కాగితాలు ఈ విధంగా నాగపూరు వైపు కొన్ని, మద్రాసు వైపు కొన్ని చేరాయి.

తరువాతి మార్పులు అందరికీ తెలిసినవే. 1903లో బేరారు కలిసి మధ్యపరగణాలు, బేరారు. 1950లో మధ్యప్రదేశ్. 1956 నవంబరు 1న ద్విభాషా బొంబాయి రాష్ట్రం. 1960 మే 1న మహారాష్ట్ర. 1982 ఆగస్టు 26న చంద్రపూరు నుంచి విడిపోయి గడ్చిరోలి జిల్లా. పాత సిరొంచ తహసీలు తరువాత అనేక తాలూకాలుగా చీలింది. 1940లో సిరొంచలో పుట్టి ఊరు దాటని మనిషి ఈ లెక్కన నాలుగు రాష్ట్రాల పేర్ల కింద, రెండు జిల్లాల కింద బ్రతికాడు. ఆయన జననం చాందా జిల్లా పేరున, పెళ్లి ఏ బొంబాయి రాష్ట్రం పేరుననో, మరణం గడ్చిరోలి పేరున నమోదై ఉంటుంది. విద్యార్థి తన నోటుపుస్తకం మొదటి పేజీలో ఈ పట్టికను రాసుకొని, ప్రతి పూర్వుని పేరు పక్కన ఆయన కాలానికి ఏ జిల్లా, ఏ రాష్ట్రం అన్నది గుర్తించుకోవాలి. సగం వెతుకులాట అక్కడే తగ్గుతుంది.

4. పేరు పడిన పాట్లు

ఇక మా స్వంత శాస్త్రానికి దగ్గరగా ఉన్న విషయానికి వద్దాం. చంద్రపూరు, గడ్చిరోలి, యవత్మాళ్, నాందేడు జిల్లాల్లో 'వార్' అనే అంతంతో ఇంటిపేర్లు విరివిగా వినిపిస్తాయి. ఇది మన 'వారు' శబ్దమే. "మీరు ఎవరివారు?" అంటే "మేము కొండవారం", "చింతలవారం", "గంపవారం" అని చెప్పడం మన ఆచారం. విన్న మరాఠీ గుమాస్తా 'వారు'ను ఇంటిపేరులో భాగంగా తీసుకొని చివరి ఉకారాన్ని తన భాష ప్రకారం వదిలేశాడు: కోండావార్, చింతల్‌వార్, గంపావార్. కులాల పేర్లకూ ఇదే గతి. 1916లో రసెల్, హీరాలాల్ ప్రకటించిన మధ్యపరగణాల కులాల గ్రంథంలో 'కాపేవార్' అన్న శీర్షిక కనిపిస్తుంది. అది మన 'కాపువారు'. భారత భాషా సర్వేక్షణ నాలుగవ సంపుటం (1906) తెలుగు మాండలికాలుగా పేర్కొన్న వాటిలో 'సాలేవారి' ఒకటి. సాలెవారి పలుకే ఆ పేరుతో వేరు మాండలికంగా నమోదైంది.

నదికి ఆవల ఇదే కుటుంబం ఇంటిపేరు ముందు రాసుకొని 'వారు' లేకుండా నిలిచింది. కల్పిత ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ఆవలి గట్టున అన్న 'కొండ రాజయ్య', ఈవలి గట్టున తమ్ముడు 'లచ్చయ్య మల్లయ్య కోండావార్'. కాగితం మీద వీరు అన్నదమ్ములని ఎవరూ అనుకోరు. మరాఠీ పద్ధతిలో మధ్యనున్నది తండ్రి పేరు. ఇది పరిశోధకునికి గొప్ప సదుపాయం. తెలుగు కాగితంలో ఒక తరమే దొరికే చోట మరాఠీ కాగితంలో రెండు తరాలు దొరుకుతాయి. స్త్రీల విషయంలో ఈ సదుపాయమే చిక్కు అవుతుంది. పెళ్లికాగానే మధ్య పేరు తండ్రిది పోయి భర్తది వస్తుంది, చివరి పేరు అత్తింటిది అవుతుంది. ఒకే స్త్రీ బడి రిజిస్టరులో ఒక మనిషి, భూమి కాగితంలో మరొక మనిషి.

లిపులు తెచ్చే మార్పులను ముందే తెలుసుకుంటే వెతకడం సులువు. దేవనాగరిలో మరాఠీ రాసేటప్పుడు హ్రస్వ ఎకార ఒకారాలకు వేరు గుర్తులు లేవు. 'కొండ' కోండా అవుతుంది, 'పెద్ది' పేద్దీ అవుతుంది. ద్విత్వాక్షరం ఒక్కోసారి నిలుస్తుంది, ఒక్కోసారి పోతుంది. 'వెంకటి' మరాఠీ చేతిలో 'వ్యంకటి'. కొన్ని పాత మరాఠీ కాగితాలు మోడీ లిపిలో ఉంటాయి. ఆ లిపిలో ఇకార ఉకారాల హ్రస్వదీర్ఘ భేదం పాటించరు. ఉర్దూలో ఒకే అక్షరం ఉ, ఊ, ఓ మూడింటికీ చెల్లుతుంది కనుక 'కొండ', 'కుండ' ఒకే రూపంలో ఉండవచ్చు. ఇవి చాలవన్నట్టు బడిపంతుళ్లు పేర్లను సంస్కరించేవారు. లచ్చయ్యను చేర్చుకొని లక్ష్మణ్ అని రాసేవారు. విద్యార్థి తన ఇంటిపేరుకు ఇటువంటి రూపాలన్నిటినీ ముందుగానే ఒక జాబితా వేసుకొని రిజిస్టరు తెరవాలి.

ఒక్క అచ్చు ఎంత పని చేస్తుందో చూపడానికి ఒక ఉదాహరణ చాలు. మహారాష్ట్ర షెడ్యూల్డు తెగల జాబితాలో కోలాములతో పాటు 'మన్నేర్వార్లు' అన్న పేరు ఉంది. ఇది 'మన్నెవారు' మీద మళ్లీ బహువచన ప్రత్యయం చేరిన తెలుగు రూపం. మున్నూరు కాపులను సూచించే 'మున్నూర్వార్' వేరు. మొదటిది మన్నెం నుంచి, రెండవది సంఖ్యావాచకం నుంచి వచ్చింది. రెండూ మరాఠీ కాగితంలో ఎంత దగ్గరగా కనిపిస్తాయో చెప్పనక్కరలేదు. గుమాస్తా అజాగ్రత్త వల్ల నిజమైన హక్కుదారు హక్కు కోల్పోవచ్చు, మరొకరికి లేని హక్కు సంక్రమించవచ్చు. శబ్దం ఒక్కటే ఆధారంగా ఏ నిర్ణయానికీ రాకూడదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

5. కాగితాలు

జనాభా లెక్కల్లో పూర్వుల పేర్లు దొరుకుతాయని చాలామంది ఆశిస్తారు. ఇంగ్లండులోను అమెరికాలోను అది సాధ్యం. మన దేశంలో ఇంటింటి పత్రాలను భద్రపరచలేదు, మిగిలినవి మొత్తాల పట్టికలే. కాబట్టి వేరే కాగితాల వైపు తిరగాలి.

విదర్భ ప్రాంతంలో అన్నిటికంటే విలువైనది కొత్వాలు పుస్తకం. కొత్వాలు అంటే ఇక్కడ గ్రామసేవకుడు. ఊరి జనన మరణాలను అతడు పోయి చెప్పేవాడు, మరొకరు రాసుకొనేవారు. ఆ పుస్తకాల్లో తేదీ, తండ్రి పేరు, కులం, ఆడో మగో ఉంటాయి. బిడ్డకు అప్పటికి పేరు పెట్టి ఉండరు గనుక తరచు బిడ్డ పేరు ఉండదు. తన తాత పేరు కోసం వెతికే విద్యార్థి ఇక్కడే నిరాశపడి పుస్తకం మూసేస్తాడు. వెతకవలసింది ముత్తాత పేరు కింద పుట్టిన 'మగబిడ్డ'ను. ఇవి ఇప్పుడు తహసీలు కచేరీల రికార్డు గదుల్లో దొరుకుతాయి. కొన్ని సంవత్సరాల పుస్తకాలు చెదలకు, తేమకు చిరిగిపోయాయి.

రెండవది బడిలోని దాఖల్-ఖారిజ్ రిజిస్టరు, అంటే చేరిక, విడుపుల పుస్తకం. విద్యార్థి పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ ఇందులో ఉంటాయి. పుట్టిన తేదీని చాలాసార్లు పంతులే ఊహించి వేశాడని గుర్తుంచుకోవాలి. ముల్చేర వైపు ఒకే పుటలో తెలుగు, మాడియా, బెంగాలీ, మరాఠీ పేర్లు ఒకే పంతులు చేతిరాతలో కనిపించవచ్చు. ఆయన మిగిలిన తెలుగు పేర్లను ఎలా రాశాడో పది పుటలు చూస్తే మన పూర్వుని పేరును ఎలా రాసి ఉంటాడో తెలిసిపోతుంది. సిరొంచలో అమెరికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్ ఉండేది కనుక క్రైస్తవ కుటుంబాలు చర్చి బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను కూడా విచారించాలి.

మూడవది భూమి. ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం అహేరి జమీందారీ. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1950లో చేసిన చట్టం ప్రకారం 1951 మార్చి 31న జమీందారీ, మాల్‌గుజారీ హక్కులు రద్దయ్యాయి. ప్రభుత్వానికీ రైతుకూ మధ్యనున్న దొర తొలగిపోవడంతో ప్రతి సాగుదారు పేరునూ ప్రభుత్వమే నమోదు చేయవలసి వచ్చింది. 1954-55 నాటి అధికార అభిలేఖ్ ఆ విధంగా పుట్టింది. అప్పటివరకు కాగితం ఎక్కని అనేక కుటుంబాల పేర్లు అందులో దొరుకుతాయి. దాని నుంచి కిందికి ఏడు-పన్నెండు పత్రం, ఫేర్‌ఫార్ నమోదులు. ఫేర్‌ఫార్ అంటే పట్టామార్పిడి. పట్టాదారు మరణించినప్పుడు వారసులందరి పేర్లూ రాస్తారు గనుక ఒక్క ఫేర్‌ఫార్ ఒక చిన్న వంశవృక్షంతో సమానం.

ఆవలి గట్టు బంధువుల కోసం చెన్నూరు, మహాదేవపూరు, మంథని వైపు పోతే సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి చెసల పహాణీ వంటివి అడగాలి. నిజాం కాలపు పాత దస్తావేజులకు హైదరాబాదులోని రాష్ట్ర పురాలేఖాగారం ఉంది. ఆవలి నుంచి కోడలిగా వచ్చిన స్త్రీకి కులం నిరూపించుకోవలసి వస్తే ఆమె తండ్రి తరపు కాగితాలే కావాలి. అవి మరొక రాష్ట్రంలో, మరొక లిపిలో ఉంటాయి. వంతెన వచ్చిన తరువాత నది దాటడం కొన్ని నిమిషాల పని అయింది గాని కాగితం దాటడం ఇంకా అంత సులభం కాలేదు.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల రాజయ్య కొడుకు మల్లయ్య, ఆయన కొడుకు మళ్లీ రాజయ్య. ఇటువంటి చోట పేరు చూసి తరం నిర్ణయించరాదు. పేరుతో పాటు సర్వే నంబరు, ఊరు, సంవత్సరం మూడూ కుదిరితేనే మనిషిని గుర్తించాలి.

6. నోటి వంశావళులు

కాగితానికి ముందు కాలానికి మనకున్న ఆధారం ఆశ్రిత కులాలు. తెలుగుదేశంలో దాదాపు ప్రతి కులానికీ దాని పుట్టుపూర్వోత్తరాలు, గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పే మరొక కులం ఉంది. కాపు, రెడ్లకు పిచ్చుకుంట్లవారు, గొల్లలకు మందహెచ్చులవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, రాజగోండులకు పర్ధానులు, తోటీలు. కొన్ని ఊళ్లు వీరి మిరాసీ. కొన్నేళ్లకొకసారి వచ్చి కథ చెప్పి, ఆ ఇంట అంతకుముందు పుట్టినవారిని, పోయినవారిని కలుపుకొని, రావలసిన త్యాగం తీసుకొని పోయేవారు. ఊళ్ల మీద హక్కు వీరిది, పాలనా సరిహద్దులతో వీరికి నిమిత్తం లేదు. అందువల్ల చీలిపోయిన కుటుంబాలకు వీరి నోటి మాట ఎంతో విలువైనది.

అయితే వీరి కథనంలో రెండు పొరలు ఉంటాయి. కులపురాణం ఒకటి, ఇంటి వంశావళి ఒకటి. మార్కండేయుని నుంచి, జాంబవుని నుంచి వచ్చే భాగం ఆ కులం తన్ను తాను ఎలా భావించుకుందో చెప్పే చరిత్ర. చివరి నాలుగైదు తరాల పేర్లు మన వృక్షానికి పనికివచ్చేవి. రెండింటినీ కలిపి ఒకే వరుసలో రాయడం తప్పు, మొదటిదాన్ని పుక్కిటి పురాణమని పారవేయడమూ తప్పు. వీరి పిల్లలు వేరే వృత్తుల్లోకి వెళ్లిపోతున్నారు. అక్కడక్కడ మిగిలిన వృద్ధుల మాట రికార్డు చేసుకోవడం ఆలస్యం చేయరాని పని. వారికి ఇవ్వవలసింది వారి ఆచారం ప్రకారం ఇచ్చి వినాలి. మనం సమాచారం అనుకొనేది వారికి జీవనాధారం.

శ్రాద్ధకర్మలకు నాసిక్ త్ర్యంబకం వరకు వెళ్లిన కుటుంబాలు అక్కడి పురోహితుల నామావళుల్లో తమ పూర్వుల చేవ్రాలో పేరో ఉందేమో విచారించవచ్చు. ఊరి పేరు, ఇంటిపేరు చెప్తే వారు తమ బస్తాలు విప్పుతారు. ఊరు ఒకప్పుడు ఏ పరగణా కింద ఉండేదో చెప్పగలిగితే ఇంకా త్వరగా దొరుకుతుంది.

7. గీయడం, గీయకుండా వదలడం

పుస్తకాల్లో కనిపించే వంశవృక్షం పాశ్చాత్య నమూనా. అందులో కొమ్మలు విడిపోతాయే గాని తిరిగి కలవవు. మన కుటుంబాల్లో మేనమామ కూతురిని, మేనత్త కూతురిని, కొన్ని కులాల్లో అక్క కూతురిని చేసుకొంటారు. కొమ్మలు తిరిగి కలుస్తాయి. కనుక ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య ఇచ్చి, ఒకే వ్యక్తి రెండు చోట్ల వస్తే అదే సంఖ్య వేయాలి. ఇల్లరికపు అల్లుణ్ణి, దత్తపుత్రుణ్ణి వేరు గీతతో చూపాలి. భూమి కాగితంలో అల్లుడు కొడుకు స్థానంలో కనిపిస్తే అది తప్పు అనుకోకుండా ఇల్లరికమేమో అని విచారించాలి. ఆడపిల్లలను, పసితనంలో పోయినవారిని, పిల్లలు లేనివారిని తప్పక చేర్చాలి. కచేరీకి సమర్పించే వంశావళిలో తండ్రి తరపు వరుసే ఉంటుంది. చరిత్ర కోసం గీసేదానికి ఆ హద్దు లేదు.

ప్రతి పేరు పక్కన ఆధారం రాయాలి: ఎవరు చెప్పారు, ఏ రోజున, లేదా ఏ పుస్తకం, ఏ సంవత్సరం. పేరు ఎలా కనిపిస్తే అలాగే ఎత్తి రాసుకోవాలి, సవరించరాదు. ఆధారం లేని చోట ఖాళీ ఉంచాలి. ఇది అన్నిటికంటే కష్టమైన నియమం. ఒక తరం దొరకనప్పుడు ఊహించి పూరించాలని, గొప్ప ఇంటితో ముడిపెట్టాలని మనసు లాగుతుంది. కులపత్రం అవసరమైనప్పుడు ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఒక కుటుంబం కల్పించిన పేరు తరువాత పరిశీలనలో బయటపడితే, నిజంగా అదే ఇంటిపేరు గల మరొక పది కుటుంబాల కాగితాలు కూడా అనుమానాస్పదమవుతాయి. పరిశోధకుని నిజాయితీ ఇక్కడ ఇతరుల బ్రతుకుతో ముడిపడి ఉంది.

అట్లాగే ఇంట్లోవారు చెప్పిన ప్రతిదీ ప్రకటించదగినది కాదు. రెండవ పెళ్లి, కులాంతర సంబంధం, అప్పులు, తగవులు వంటివి నోటుపుస్తకంలో ఉండవచ్చు. బయటికి ఇచ్చే వృక్షంలో జీవించి ఉన్నవారి విషయాలు వారి అనుమతి లేనిదే చేర్చరాదు.

మా తరగతిలో ఒకసారి ఈ పని అభ్యాసంగా ఇచ్చినప్పుడు సరిహద్దు ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థిని ఒకామె తన ముత్తాత పేరును నాలుగు కాగితాల్లో నాలుగు రూపాల్లో తెచ్చింది. మూడింటిని కలపగలిగింది. నాలుగవది మరొక ఊరి మనిషిది కావచ్చునని పక్కన పెట్టి, దాని కింద 'నిర్ధారణ కాలేదు' అని రాసింది. ఆమె వృక్షం ఐదు తరాలకే ఆగిపోయింది. ఆ సంవత్సరం మాకు అందిన వాటిలో ఎక్కువ మార్కులు పొందింది అదే.

వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లే విద్యార్థులు ఈ పనికి పది రోజులు కేటాయించగలిగితే మంచిది. మొదటి ఐదు రోజులు పెద్దల దగ్గర కూర్చోవడానికి, రెండు రోజులు ఇంటి పెట్టెలోని పట్టాలు, రసీదులు, పెళ్లి పత్రికలు ఎత్తి రాసుకోవడానికి, మిగిలిన మూడు రోజులు బడికీ తహసీలు కచేరీకీ. సిరొంచ వారికైనా, బళ్లారి, బరంపురం, హోసూరు, ఖరగ్‌పూరు తెలుగువారికైనా లిపులు, కచేరీల పేర్లు మారుతాయే గాని క్రమం ఇదే. నది ఆవల బంధువులు ఉన్నవారు ఒక్క రోజు అటు వెళ్లి, అక్కడి పెద్దల నోట తమ ఇంటిపేరు ఎలా పలుకుతుందో విని రావాలి.